పడగ లేని పాముకు ఒక రాయి

కర్నూలు నుంచి కమలాపురం పోవడానికి తెలివైనవాళ్లు ద్రోణాచలం, గుంతకల్లు మీదుగా రైల్లో పోతారు. కిటికీ పక్కన చోటు దొరికితే కునుకు తీస్తూ దిగవచ్చు. నేను మాత్రం కిందటి దసరా సెలవుల్లో నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సుల్లో ఒళ్లు హూనం చేసుకుంటూ పోయాను. దానికి కారణం ఒక రక్తపింజరి. అంతకంటే పెద్ద కారణం మా అత్తగారు. ఆ దారిన వెళ్లదలచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను కర్నూల్లో ఒక బడిలో డ్రాయింగు మాస్టరును. రాజధాని వచ్చి ఊళ్లో ఇళ్ల అద్దెలు పెరిగిపోయాక, మాకున్న ఒక్క గదినే మహాభాగ్యమనుకుంటూ కాపురం చేస్తున్నాం. ఎండాకాలంలో పుట్టింటికి వెళ్లిన నా భార్య ఓబులమ్మను తీసుకురావడానికి కమలాపురం దగ్గరి అత్తవారి ఊరికి వెళ్లాను. మర్నాడు పొద్దున స్నానానికి నీళ్లు కాచుకుందామని, ఓబులమ్మ పక్కనే ఉండగా, కందికట్టెల మోపు లాగితే లోపలి నుంచి పాము తోక బయటపడింది. నేను ఎగిరి వెనక్కి దూకాను. ఆ దూకుడులో నా కాలు తగిలి, మోపు మీదున్న చింతదుంగ దొర్లి పాము మీద పడింది. నేను దూకానని నాకు తెలుసు. నేనే చంపానని ఊరు తీర్మానించింది. ఓ అరగంట సేపు వీరుణ్ణయ్యాను. నేను వాకిట్లో పొగడ్తలు అందుకుంటుండగానే మామగారు పెరట్లో కర్రతో పామును ఎత్తి చూసి, "రక్తపింజరి, సందేహమే ల్యా," అని ఊరవతలికి తీసుకుపోయి కాల్చేశాడు. ఆ తరువాత పూజారి వచ్చాడు. వీరుడు పోయి పాపి మిగిలాడు.

సర్పాన్ని చంపినవాడు రాతిలో సర్పాన్ని నిలిపి పాలు పోయాలట. అంతవరకు ఆలుమగలు ఒకచోట ఉండకూడదట, పుట్టబోయే బిడ్డలకు మంచిది కాదట. ఇది అన్ని ఊళ్లలోనూ ఉన్న సంగతే. ఏ పాము చచ్చినా సరే, పడగ విప్పిన నాగుపాము రాయి ఒకటి తెచ్చి నిలిపి చేతులు దులుపుకుంటారు. ఆ ఊరి వేపచెట్టు కింద అలాంటి రాళ్లు వరుసగా ఉన్నాయి. కానీ మా అత్తగారు అందరిలాంటి మనిషి కాదు. అల్లుడికి ఎదురుపడకూడదన్న ఆచారం ప్రకారం ఆమె తలుపు చాటున నిలబడి, నాకు వినబడేటట్టు మామగారితో మాట్లాడుతుంది. మామగారు అదే మాటను మళ్లీ నాకు చెబుతాడు.

"అల్లునికి చెప్పు," అంది తలుపు చాటు నుంచి. "సచ్చింది పింజరి. నాగుపామును నిలబెడితే ఎట్లా? రంగప్ప సస్తే సుబ్బప్పకు దినాలు చేస్తారా యాడన్నా?"

"రంగప్ప సస్తే సుబ్బప్పకు..." అని మామగారు మొదలుపెట్టాడు.

"వినబడింది మామా," అన్నాను.

"పింజరినే చెక్కిచ్చుకొని రమ్మను. మన అమ్మి దాన్ని కండ్లారా చూసింది. అమ్మి చూసి అవునంటేనే రాయి నిలబెట్టేది, అప్పుడే అమ్మిని పంపేది. నీ కండ్లకు శుక్లాలు. నీ మాట నేను నమ్మను."

ఈ చివరి మాటలు మాత్రం మామగారు నాకు చెప్పలేదు. ఓబులమ్మ పొయ్యి దగ్గర తల వంచుకుని కూర్చుంది. నేను ఒంటరిగా కర్నూలు చేరి చేతులు కాల్చుకోవడం మొదలుపెట్టాను. నేను కెలికిన సంగటిని వీధికుక్క వాసన చూసి, నా ముఖం చూసి, జాలిపడి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే తిండి కంటే మాటకే ఎక్కువ మొహం వాచిపోయాను. సాయంత్రం ఇంటికి రాగానే "ఈ పొద్దు ఏం గీసినావు?" అని అడిగే మనిషి లేదు. పెళ్లయిన కొత్తలో ఆమె నన్ను మీరు అనేది. ఆ కొత్త ఎప్పుడో పాతబడింది, ఆ 'నువ్వు' కోసమే ఇప్పుడు ప్రాణం కొట్టుకుంది.

దసరా సెలవులు ఇవ్వగానే పొద్దున్నే మొదటి బస్సెక్కాను. నంద్యాలకు రూపాయిన్నర పైచిలుకు, ఎండ ముదిరేలోపు చేరుస్తుంది. బస్సులు నిలిచేచోట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. ఆ బజ్జీ తిన్నాక కాసేపు లోకంలో మరే కష్టమూ గుర్తుకురాదు. అక్కడి నుంచి ఆళ్లగడ్డకు మరో బస్సు, మధ్యాహ్నానికి దింపుతుంది. రాళ్లు చెక్కేవాళ్లను వెతకనక్కరలేదు, ఉలి చప్పుడు వెంట నడిస్తే చాలు. అలా నడిచి వీరాచారి పందిరి చేరాను. ముఖం, మూపురం మాత్రమే పూర్తయిన పెద్ద నంది పక్కన కూర్చుని ఉలికి పదును చూసుకుంటున్నాడు.

"నాగుపామా? ఒంటిదా, జంటదా? ఐదు పడగలది గూడా ఉండాది," అన్నాడు.

"పడగ వద్దు. రక్తపింజరి కావాలి."

ఉలి కింద పెట్టాడు. "ఏమప్పా, తమాషా చేస్తాండావా?"

నా కథంతా చెప్పాను. రంగప్ప, సుబ్బప్పల దగ్గరికి వచ్చేసరికి అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు తగ్గాక అసలు చిక్కు బయటపెట్టాడు. "పడగకు కొలతుండాది, కంటికి కొలతుండాది, చుట్టకు కొలతుండాది. మా తాత కాన్నుంచి పాములే చెక్కుతాండాం. పింజరికి కొలత యాడుండాది? నువ్వు బడిలో బొమ్మలేసే అయ్యోరివి గదా, చూసినావు గదా, గీయి."

మసిబొగ్గుతో బండ మీద గీశాను. అతను తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తోక శానా బాగుండాది. తక్కినదంతా వంకాయ."

"నేను చూసింది తోకే."

"నేను అది గూడా చూడలే."

"తాతల కాలం నుంచి పాములు చెక్కుతున్నామన్నావు?"

"చెక్కుతాండామప్పా. చూస్తాండామని చెప్పినానా?"

ఓ చిన్న పడగ, ఎవరికీ కనబడనంత చిన్నది, పెట్టేస్తే పనయిపోతుందని అతను బతిమాలాడు. మా అత్తగారు కనిపెడుతుందన్నాను. "అంత గట్టిదా?" అన్నాడు. "నిన్నూ నన్నూ కలిపి రుబ్బినా అంత కాము," అన్నాను.

పొద్దు వాలింది. ఇద్దరం బండకేసి చూస్తూ కూర్చున్నాం. పందిరి మూల ఉలులు కాల్చే కొలిమి ఉంది. అందులో తిత్తి ఊదుతున్న చప్పుడు వినబడుతోంది. బుస్సుమని లాగి, బుస్సుమని వదిలి, ఆగకుండా. కాసేపటికి వీరాచారి మెల్లగా అన్నాడు, "అయ్యోరా, తిత్తి దగ్గర ఎవరూ ల్యారే."

ఇద్దరం ఎప్పుడు లేచామో, ఎలా ఎక్కామో తెలియదు. నంది మీద ఉన్నాం. ముందు నేను, నా నడుము పట్టుకుని వెనక అతను. కింద, నేను గీసిన బండ పక్కన, మేము వెతుకుతున్న దొర చుట్ట చుట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా మన్ను రంగు. వీపున నడిమి వరుస గొలుసులా, దానికి అటొకటి ఇటొకటి, మొత్తం మూడు వరుసల మచ్చలు. ఒక్కొక్క మచ్చకు నల్లటి అంచు, దాని బయట తెల్లటి గీత. మూడు మూలల తల, పొట్టి తోక. పడగ లేదు. దానికి పడగతో పనే లేదు. ఆ ఊపిరి చాలు.

"గీయప్పా!" అన్నాడు వీరాచారి నా చెవిలో.

"చెయ్యి వణుకుతోంది."

"వణికినా గీయి. మళ్లా వస్తాదా అది?"

నంది మూపురం మీద జేబులోని కాగితం ఆనించి గీశాను. నా చెయ్యి వణికిన చోటల్లా గీత వంకరలు పోయింది, అతను వెనక నుంచి "నడిమి మచ్చ పెద్దది, పక్కవి చిన్నవి" అంటూ దిద్దించాడు. భయం భయంగానే ఉంది కానీ, మధ్యలో ఎక్కడో నేను ఆ భయం మరిచిపోయాను. అంత అందమైన అల్లిక నేను ఏ చీరె అంచులోనూ చూడలేదు. చీకటి పడకముందే అది మా ఇద్దరినీ లెక్కచేయకుండా కిత్తనార కంచెలోకి జారిపోయింది. కర్ర తెస్తావా అని అడిగాను. వీరాచారి నంది మీద నుంచి దిగుతూ నన్ను కోపంగా చూశాడు. "పిలవకుండా వచ్చి కూర్చోని కొలతలిచ్చిపాయ. దాన్ని కొడతావా? ఇంగొక రాయికి యాడ తెస్తావు డబ్బు?"

రాయి పూర్తయ్యేదాకా సత్రంలో ఉన్నాను. చాప, కుండెడు నీళ్లు ఉచితం. పక్కనున్న పూటకూళ్లమ్మ దగ్గర భోజనం ఆరణాలు, పప్పు మాత్రం అడిగినంత. రోజూ వెళ్లి వీరాచారి పక్కన కూర్చునేవాణ్ణి. అతను చిన్న పడగ మాట మళ్లీ ఎత్తలేదు. చివరి రోజు నూనె పూసి ఎండలో నిలబెట్టాడు. నల్లరాతి మీద పింజరి చుట్టలు చుట్టుకుని, తల కాస్త ఎత్తి, ఊపిరి బిగబట్టినట్టుంది. నేను అప్రయత్నంగా ఒక అడుగు వెనక్కి వేశాను. వీరాచారికి నేనిచ్చిన కూలి కంటే ఆ అడుగే ఎక్కువ నచ్చింది.

రుబ్బురోలంత బరువున్న ఆ రాయిని గోనెసంచిలో చుట్టి, మైదుకూరు మీదుగా కడప పోయే బస్సులోకి ఇద్దరం ఎక్కించాం. కండక్టరు కాలితో తట్టి, "ఏముండాది లోపల?" అన్నాడు.

"పాము," అన్నాను అలవాటుగా.

నా చుట్టూ ఉన్న మూడు వరుసలు ఖాళీ అయ్యాయి. రాతిపాము అని అరిచి, సంచి విప్పి చూపాక గాని ఎవరూ కూర్చోలేదు. ఒక ముసలమ్మ భక్తిగా చెంపలేసుకోబోయి, ఆగి, చెయ్యి దించుకుంది. "ఇదేం దేవుడు నాయనా, పడగే ల్యా?" డ్రైవరు వెనక్కి తిరిగి అడిగాడు, "ఏమప్పా, ఇది కరిచేదా, మొక్కేదా?"

"కరిచేదే. ఇప్పుడు మొక్కబోతున్నాం."

"అట్లయితే మా బస్సులో ఉన్నంతసేపు మొక్కేదనుకుంటాం," అని అతను గేరు వేశాడు. కండక్టరు సామానుకు డబ్బు అడగలేదు. కడపలో మధ్యాహ్నం పాసింజరు రైలు దొరికింది, కమలాపురం ఎంతో దూరం లేదు. నేను ముందే రాసిన ఉత్తరం అందుకుని, స్టేషను బయట మామగారు బండి కట్టుకుని ఉన్నాడు. రాయిని తడిమి చూసి, "ఇదే," అన్నాడు. ఆయన మాట చెల్లదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున వేపచెట్టు కింద ఊరంతా చేరింది. పడగలెత్తిన నాగుల వరుస చివర మా పింజరి. పూజారి కుంకుమ గిన్నె పట్టుకుని, పడగ లేకపోతే బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. ఎవరో మోకు చుట్ట అన్నారు, ఎవరో కొండచిలువ పిల్ల అన్నారు. మా అత్తగారు ఆచారం తప్పకుండా చెట్టు వెనక నిలబడింది. "అమ్మిని చూడమను," అన్న గొంతు మాత్రం వినబడింది.

ఓబులమ్మ ముందుకు వచ్చింది. చిక్కిపోయింది. నా వైపు చూడలేదు. రాయి ముందు గొంతుక్కూర్చుని చూసింది. లేచి చుట్టూ తిరిగింది. తోక మీద వేలు పెట్టింది, తీసింది, కనుబొమలు ముడిచింది. ఇది కాదంటే మళ్లీ ఆళ్లగడ్డ, మళ్లీ సంగటి, ఎన్నాళ్లో తెలియని ఒంటరి గది.

"ఇదేనమ్మా," అంది. "వెంట్రుకవాసి తేడా ల్యా. కన్ను కింద మచ్చ గూడా అట్లే ఉండాది."

చెట్టు వెనక నుంచి పెద్ద నిట్టూర్పు. తరువాత, "అల్లునికి చెప్పు. శానా చిక్కిపోయినాడు. పాలు పోసినాక కడుపునిండా తిని పొమ్మను." ఈసారి మామగారు తిరిగి చెప్పకముందే నాకు కళ్లు చెమర్చాయి.

తిరుగు ప్రయాణం తెలివైనవాళ్ల దారినే, గుంతకల్లు మీదుగా రైల్లో. కిటికీ పక్కన ఓబులమ్మ, ఒళ్లో అత్తగారిచ్చిన నువ్వులుండల డబ్బా. ఎర్రగుంట్ల దాటాక అడిగాను, "కన్ను కింద మచ్చ కూడా అంత బాగా గుర్తుందా నీకు?"

"యాడ గుర్తు? దుంగ దొర్లిన సప్పుడుకు కండ్లు మూసుకున్న్యా. నాయన దాన్ని కాల్చి వచ్చి పిలిచేదాకా తెరవలే."

"మరి అంతసేపు చుట్టూ తిరిగి చూశావే!"

"చూసీచూడంగానే బిన్నా అవునంటే అమ్మ నమ్ముతాదా?" అని కిటికీ వైపు తిరిగింది. "కాదంటే నువ్వు ఇంగోసారి ఆళ్లగడ్డకు పోవాల, నేను ఇంగా ఆడనే కూర్చోవాల. ఎన్నాళ్లని కూర్చుంటా?" మళ్లీ నా వైపు తిరిగి, "సంగటి కెలికేది వచ్చిందా నీకు?" అని అడిగింది.

రాలేదని చెప్పాను. డబ్బా మూత తీసి ఒక ఉండ నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. చచ్చిన ఆ పింజరిని నేను తోక వరకే చూశాను, వీరాచారి అసలు చూడలేదు, సాక్షి కళ్లు మూసుకుంది. సరిగ్గా చూసినవాడు శుక్లాల కళ్ల మామగారొక్కడే, ఆయన మాట ఎవరూ నమ్మలేదు. అయినా రాయి నిలబడింది. ఏ గుడిలోనూ చోటు దొరకని పాముకు ఆ ఊళ్లో పసుపు, కుంకుమ, పాలు అందుతున్నాయి. ముఖం ఎటో తెలియక ఆడవాళ్లు ఒళ్లంతా పూస్తున్నారని మామగారు చెప్పాడు. నా భార్య ఇంట్లో ఉంది. నాకు అంతే కావాలి. ఇక ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఏ ఇంట దిగినా, కట్టెల మోపులో చెయ్యి పెట్టేముందు కర్రతో నాలుగుసార్లు గట్టిగా తట్టండి. మా ఇంట్లో ఓబులమ్మ రోజూ పొద్దున అలాగే తడుతుంది, కళ్లు గట్టిగా మూసుకుని.