కాంసాయి ఒడ్డున చుట్టల పందెం

నేను ఖరగ్‌పూర్ వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, ఒక అమ్మాయి నాయనమ్మ ఎదుట చుట్ట కాల్చడానికి. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

అంతకుముందు వేసవిలో విజయనగరంలో మా బంధువుల పెళ్ళిలో సత్యవతిని చూశాను. వడ్డనలో పప్పు గరిటె జారి ఒక పెద్దమనిషి పట్టుపంచె మీద పడింది. అందరూ అయ్యో అయ్యో అంటుంటే ఆ పిల్ల మాత్రం పందిరి గుంజ పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు ఇంకో సంబంధం ఊసే రుచించలేదు. మా అక్క భర్తది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు ఉద్యోగం. ఆయన్ని బతిమాలితే కదిపి చూశాడు. పిల్ల తండ్రి అప్పలస్వామి గారికి అదే ఊళ్ళో, ఖరిదా పేటలో కిరాణా కొట్టు. ఆయన దగ్గరనుంచి కబురొచ్చింది. ఏటేటా చలికాలంలో ఒక ఆదివారం అక్కడి తెలుగు కుటుంబాలన్నీ కలిసి కాంసాయి నది ఒడ్డుకి చుట్టల వనభోజనానికి వెళతాయట. కుర్రాణ్ణి అప్పుడు రమ్మనండి, మా అమ్మ చూడాలి అన్నారాయన.

ఆ మాట వినగానే మా అమ్మ రెండు రోజులు కూర్చుని లంక పొగాకుతో యాభై చుట్టలు చుట్టి, తడిగుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చింది. మోకాళ్ళ నొప్పులతో తాను రాలేనంది. "ఆళ్ళు సుట్ట ఇస్తే ఒద్దనకు. కాల్సడం మొదలెడితే మద్దిలో పారీకు" అని మాత్రం రెండుసార్లు చెప్పింది. నేను బడిపంతుల్ని. ఇరవై ఆరేళ్ళు వచ్చినా చుట్ట నోట పెట్టిన పాపాన పోలేదు. అయినా మా ఇంట్లో పుట్టినవాడికి చుట్ట కాల్చడం ఎవరైనా నేర్పాలా అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి విజయనగరంలో మూడో తరగతి పెట్టె ఎక్కాను. అవి ఇంకా బొగ్గింజన్ల రోజులు. కిటికీ పక్కన చోటు దొరికిందని సంబరపడ్డాను గానీ, శ్రీకాకుళం రోడ్డు చేరేసరికి కళ్ళనిండా నలుసులే. పలాసలో ఎక్కిన జీడిపప్పు వ్యాపారి ఒకాయన నా పక్కన సర్దుకుని కూర్చుని, గాలి పీల్చి, మూటలో ఉన్నది లంక పొగాకే కదా అన్నాడు. ఒకటి ఇవ్వక తప్పలేదు. తీరుబడిగా కాల్చి, నా ప్రయాణం సంగతంతా రాబట్టి, "పెద్దావిడి ముందల దగ్గకు బావూ. దగ్గినావా, సమ్మందం పోయినట్టే" అని భయపెట్టి బరంపురంలో దిగిపోయాడు. ఆ తర్వాత అమ్మ కట్టిన పులిహోర తిన్నాను గానీ ఏం తిన్నానో తెలియలేదు. తెల్లారి బాలాసోర్‌లో మట్టి ముంతలో టీ తాగాను. అటు వెళ్ళేవాళ్ళు ఆ టీ వదులుకోవద్దు.

శనివారం ఎనిమిది గంటలకి ఖరగ్‌పూర్‌లో దిగేసరికి బావ సైకిలుతో ఎదురొచ్చాడు. సంచీ క్యారియర్ మీద కట్టి, ఇద్దరం నడుచుకుంటూ బావ క్వార్టరున్న ఓల్డ్ సెటిల్‌మెంట్ చేరాం. దారిపొడవునా ఎవరో ఒకరు, ఏటి బావా, పెళ్ళికొడుకొచ్చినాడా అని అడిగేవారే. క్వార్టర్ల వరసలో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ, ఆ పక్కింట్లో రెండూ. అక్క మైదాపిండితో తెల్లటి లూచీలు చేసి బంగాళదుంపల కూరతో పెట్టింది. నేను ఎనిమిది తిన్నాను. భయం వేస్తే నాకు ఆకలి ఎక్కువ.

ఆదివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. గంగాళాలూ, బియ్యం బస్తా, పిల్లలూ, ఆడవాళ్ళూ మేదినీపూర్ బస్సులో. మగవాళ్ళం ముప్ఫైమందిదాకా సైకిళ్ళ మీద. ఆరేడు మైళ్ళ దారి. మంచు ఇంకా విడలేదు. బెల్లులు కొట్టుకుంటూ, ఒకరినొకరు దాటుకుంటూ, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా పోతున్నారు ఆ పెద్దమనుషులు. నా గుండె కూడా తేలిపోయింది. ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయి నేనూ బెల్లు కొట్టాను.

చలికాలం కదా, నదిలో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఒకవైపు జంపఖానాల మీద మగవాళ్ళు, పొయ్యిల వైపు ఆడవాళ్ళు. అక్కడే చూశాను అప్పలస్వామి గారి తల్లి పైడమ్మ గారిని. ఉల్లిపాయలు తరుగుతోంది, నోట్లో అడ్డపొగ. తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. మా విశాఖ, శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చుట్ట అంటించి నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుంటారు. చేతులు రెండూ ఖాళీ, పనీ సాగుతుంది, పొగా సాగుతుంది. మగవాళ్ళు మాత్రం మామూలుగా, నిప్పు బయటికుంచి కాలుస్తారు. నేనందించిన మా అమ్మ మూట విప్పి ఒక చుట్టని చెవి దగ్గర నలిపి చూసి పైడమ్మ గారు తల ఊపింది. సత్యవతి ఆవిడ వెనక నిలబడి మంచినీళ్ళ బిందె దించుతూ నావైపు చూసి, చూడనట్టు తల తిప్పేసుకుంది. నాకు అది చాలు, ఒళ్ళంతా పులకరించింది.

పదిన్నరకి పందెం. రైల్వే వాళ్ళ పందెం కాబట్టి అంతా పద్ధతిగా ఉంటుంది. ఒక రిటైరైన గార్డు గారు పచ్చజెండా ఊపితే అందరూ ఒకేసారి అంటించాలి. చుట్ట పెదవుల్ని వదలకూడదు. వదిలినా, ఆరినా ఔట్. ఎవరిది ఆఖరిదాకా వెలుగుతుందో వాళ్ళకి మొదటి వడ్డన. అప్పలస్వామి గారు స్వయంగా ఒక చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. పొయ్యిల దగ్గర పని ఆగింది. పైడమ్మ గారు కత్తిపీట వదిలి నన్నే చూస్తోంది.

జెండా ఊగింది. అంటించాను. నోట్లో పెట్టుకున్నాను. నిప్పు లోపలికి.

బయట మగవాళ్ళు కాల్చేది ఎప్పుడూ చూడలేదా అని మీరు అడగొచ్చు. వందసార్లు చూశాను. కానీ నాకు ఊహ తెలిసేసరికే మా నాన్న లేడు. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, పిన్ని, ముగ్గురివీ అడ్డపొగలే. పొయ్యిలో చుట్ట అంటించి వాళ్ళకి అందించడం చిన్నప్పుడు నా పని. ఆ గాభరాలో చెయ్యి తనకి తెలిసిన దారే పట్టింది. ఆ వెంటనే ముప్ఫైమంది గొల్లుమన్నారు. అందరికంటే పైన వినిపించింది సత్యవతి నవ్వు.

తీద్దామంటే పెదవి వదిలితే ఔట్. పైగా అమ్మ మాట ఒకటి. పంటి కింద బిగించి కూర్చున్నాను. నాలుక చురుక్కుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది చెల్లదని ఒకాయన లేచాడు. గార్డు గారు బాగా ఆలోచించి, ఏ కొస నోట్లో ఉండాలో రూల్స్‌లో లేదు, నడవనివ్వండి అన్నారు. పడవ కట్టుకుంటున్న బెంగాలీ ఆయన దగ్గరికొచ్చి వంగి చూసి, "ఆగున్ ఖాచ్ఛేన్ నాకి, దాదా?" అన్నాడు. నిప్పు తింటున్నావా అన్నా అని. తింటూనే ఉన్నాను.

అడ్డపొగ నిదానంగా కాలుతుంది. పావుగంట గడిచేసరికి ఒక్కొక్కరూ ఔటై, నేనూ అప్పలస్వామి గారూ మిగిలాం. ఆయన చుట్ట మీసాలదాకా వచ్చింది. నాది ఇంకా వేలెడుంది. అప్పుడు పైడమ్మ గారు లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని లోపలికి చూసింది.

"ఎవుల్ని సూసి నేర్సినావు బాబూ?"

మాట్లాడలేక అమ్మ మూటవైపు వేలు చూపించాను. ఆవిడ కొడుకువైపు తిరిగి, "అమ్మని సూసి నేర్సినోడికి మనమేటి సెప్తాం రా. నాకు నచ్చినాడు. ఇంక పిల్లనడుగు" అంది.

పిల్ల ఎవరూ అడిగేదాకా ఆగలేదు. చేతిలో గరిటెతోనే వచ్చి నా ఎదుట నిలబడింది. "మాస్టారూ, నేను ఇక్కడ తెలుగు బడిలో పాఠాలు సెప్తున్నాను. పెళ్ళైనా మానీను. అదే బడిలో ఒక మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్నాది. మీరే ఒచ్చీసి ఇక్కడుంటారా?"

రైల్లో పడుకుని నేను తయారుచేసుకున్న ఉపన్యాసం ఒకటుంది. మా ఊరు, మా పెరడు, మా బడి, ఆమె అక్కడ ఎంత సుఖపడుతుందో. నిప్పు నోట్లో ఉండడం వల్ల అదంతా చెప్పే వీల్లేకపోయింది. నా మెడ మాత్రం నన్నడక్కుండానే ఔనని ఊగింది, ఒకసారి కాదు, నాలుగుసార్లు. అది చూసి అప్పలస్వామి గారు పగలబడి నవ్వారు, నవ్వితే ఆయన చుట్ట ఇసకలో పడింది. అలా నేను పందెం గెలిచాను. మొదటి వడ్డన నాకే వచ్చింది గానీ నాలుక బొబ్బలెక్కి కోడికూర వాసన చూసి పెరుగన్నం తిన్నాను. సత్యవతి మాత్రం ఆ ఊపుడు ఒప్పుకోలేదు. మంట మీద అన్న మాట లెక్కలోకి రాదు, చల్లారాక మళ్ళీ అడుగుతాను అని అక్కకి చెప్పి వెళ్ళిపోయింది.

ఇక సోమవారం నా పరిస్థితి చెప్పనలవి కాదు. చల్లారేదెప్పుడు, అడిగేదెప్పుడు? మధ్యాహ్నం రెండున్నరకి నా బండి. అక్క కట్టిన పెరుగన్నం పట్టుకుని, వర్క్‌షాపులో పూట సెలవు పెట్టిన బావతో స్టేషనుకి వచ్చేసరికి ఆలస్యమైంది, ఆయన నన్ను చిట్టచివరి పెట్టెలో ఎక్కించాడు. అప్పలస్వామి గారూ సత్యవతీ వచ్చారు. ఆయన అరటిపళ్ళిచ్చి ధరల గురించి మాట్లాడారు, ఆమె బావతో బడి గురించి మాట్లాడింది. నాతో ఒక్క ముక్క లేదు. గార్డు ఈల వేశాడు, బండి కదిలింది. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు ఆమె కిటికీ పక్కనే నడవడం మొదలెట్టింది.

"ఇప్పుడు సెప్పండి మాస్టారూ. ఒస్తారా?"

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలా పొడుగని అందరూ చెబుతారు. అది ఎందుకంత పొడుగ్గా కట్టారో నాకు ఆ వేళ అర్థమైంది. వాచిన నాలుకతో వస్తానన్నాను. అమ్మ ఉంది కదా అన్నాను. "ఆవిణ్ణీ తీసుకురండి. నాయినమ్మకి అడ్డపొగకి జత లేక తోసుబాటు లేదు" అంది, ఇంకా నడుస్తూనే. పోస్టుకి అర్జీ ఎవరికి రాయాలో చెప్పింది. జీతం చెప్పింది. ఆఖరి పెట్టె కదా, ప్లాట్‌ఫారం ఇంకా అవలేదు. బండి జోరందుకుంటుంటే ఆమె నడక పరుగయ్యింది, చెప్పు ఒకటి ఊడితే దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తుతూ నవ్వుతోంది. నాకూ నవ్వాగలేదు. పెట్టెలో ఉన్న వాళ్ళందరూ కిటికీలకి చేరిపోయారు.

"నాకు ఇష్టమే మాస్టారూ" అంది చివరి కొసలో ఆగిపోయి, అందరూ వినేలా. "ఈసారొచ్చినప్పుడు మాత్రం సుట్ట ముట్టుకోకండి."

ఈ రైలు దారిని మీలో ఎవరైనా వెళ్ళొచ్చు. బండ్ల వేళలూ, భోజనాలూ, బస్సులూ పైన రాశాను. తిరుగు ప్రయాణానికి నా సలహా ఒక్కటే. ఖరగ్‌పూర్‌లో ముందు పెట్టెల్లో ఖాళీ ఉన్నా సరే, వెనక్కి నడిచి ఆఖరి పెట్టెలో ఎక్కండి.