తలుపు వేసుకున్న పిల్ల

హిందూపురంలో మా వెనక గదిని కాలేజీ పిల్లలకు బాడుగకు ఇచ్చేవాళ్ళం. ఇంటింటికీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో, ఒక ఏడాది టాంజానియా అమ్మాయి ఆ గదిలో దిగింది. మా రాగిముద్ద చూసి, వాళ్ళ దేశంలోనూ ఇట్లాంటిదే వండుతారని సంబరపడింది. నా దగ్గర కూర్చుని మా మాటలు కొన్ని నేర్చుకుంది.

మూడు నెలలు తిరిగేసరికి తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. కాలేజీ మానేసింది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. వారంలో పరీక్షలు. ఎవరి బిడ్డో, ఏమన్నా అయితే వాళ్ళమ్మకు ఏం జవాబు చెప్పాలని నాకు ఒకటే దడ.

మా దిక్కు దిగులుపడిన మనిషిని ఒంటరిగా వదలరు. పెనుకొండలో మా నాయన పోయినప్పుడు పదకొండు రోజులూ మా అమ్మ పక్కన ఎవరో ఒకరు కూర్చున్నారు. నేనూ అదే చేశాను. వీధి ఆడవాళ్ళు చిక్కుడుకాయలు తెచ్చుకుని ఆ పిల్ల గదిలో ఒలిచేవాళ్ళు. ధర్మవరం నుంచి మా వదిన కూడా వచ్చింది.

“పెండ్లి చేసుకో పాపా, దిగులంతా పోతాది,” అంది వదిన, ఆ పిల్ల సన్నజడలు పట్టి చూస్తూ.

“నువ్వు చేసుకుని ఏం సుఖపడితివని చెప్తాండావు?” అంది పక్కింటామె.

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. నాలుగో రోజు చూస్తే పెట్టె సర్దుతోంది.

“యాడికి పాపా?”

“ఇంటికి ఆంటీ. చదువు వద్దు.”

“మేమేం తక్కువ చేస్తిమి?”

“తక్కువ లేదు. కాలేజీలో అందరూ చూస్తారు. బస్సులో చూస్తారు. ఈడా అందరూ ఉండారు. నాకు ఏడ్చేకి చోటు లేదు.”

ఆడవాళ్ళను పంపించేశాను.

“ఒంటిగా ఇడ్చిపెడితే ఏమన్నా చేసుకుంటాదేమో,” అంది వదిన పోతూ పోతూ. నా భయమూ అదే.

“తలుపు ఏసుకో పాపా. గడియ మాత్రం పెట్టొద్దు,” అన్నాను. తల ఊపింది.

బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఏడుపు వినబడింది. కాసేపటికి అది ఆగిపోయింది. ఏడుపు కన్నా ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడ్డాను. మూడుసార్లు లేచి తలుపు మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశాను.

పొద్దువాలే వేళకు తనే తలుపు తీసి, పరీక్ష రోజు బస్సు ఎన్నింటికని అడిగింది.

పరీక్షలు రాసినన్నాళ్ళూ, వచ్చినవాళ్ళకు పాప నిద్రపోతోందని అబద్ధం చెప్పి పంపాను. పెట్టె మాత్రం ఆఖరి పరీక్ష దాకా సర్దినట్టే మంచం పక్కన ఉండింది.