పాలక్కయ్య పెంచిన ఉప్పు జీవులు

పాలక్కయ్యకి ఆ పేరు పాల ఫ్యాక్టరీలో వచ్చింది. సగం జీవితం అక్కడ పాలల్లో సూక్ష్మజీవులు చేరకుండా కాపలా కాసింది. ఫ్యాక్టరీ మూతబడ్డాక సముద్రం ఒడ్డున పరిశోధన కేంద్రంలో ఉద్యోగం దొరికింది. అక్కడ పని, సూక్ష్మజీవుల్ని పెంచడం.

"ఇన్నాళ్లూ చంపిన చేత్తోనే ఇప్పుడు గోరుముద్దలు తినిపించాలా!" అని మొదటిరోజే ఇంటికొచ్చి నెత్తి కొట్టుకుంది.

అవి సముద్రపు నాచు మీద బతికేవి. ఉప్పు తగ్గితే ఉసూరుమంటాయి, మంచినీళ్లలో వేస్తే గుటుక్కుమంటాయి. అందుకని ఆమె ఉప్పునీళ్లలో వాటి మేతా, అగార్ అనే జిగురుపొడీ కలిపి కాచి, గాజు పళ్లేల్లో పోసి, పెరుగులా గడ్డకట్టాక, నాచుకి అద్దిన దూదిపుల్లతో పైన రాసేది. బీపీ ఉన్న మొగుడు చప్పిడి కూర కలుపుకుంటూ సణిగేవాడు. "వాటికి దోసిళ్లకొద్దీ ఉప్పు. నాకు చిటికెడు లేదు."

"వాటికి బీపీ లేదండీ," అనేది.

ఒక సోమవారం ఆమె ఆ పళ్లేలు పెట్టే అల్మారా తీసింది. పళ్లేల్లో జిగురంతా గుంటలు గుంటలు! ఎవరో వేలు పెట్టి నాకినట్టుంది. ఆ గదిలోకి వచ్చేది ఊడ్చే తుఫాను ఒక్కడే. అతను చీపురు పట్టాడంటే కుర్చీలు కూడా చోటు మారిపోతాయి, అందుకే ఆ పేరు.

"ఏమయ్యా, నీ వేళ్లకి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అని క్యాంటీన్లో అందరిముందూ కడిగేసింది.

"మీ కంపు పళ్లేల్లో వేలు పెట్టడానికి నాకేం పిచ్చా అక్కయ్యా?" అని అతను మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు.

ఆమె కొత్త పళ్లేలు పోసి, అల్మారాకి తాళం వేసి, తాళంచెవి ఇంటికి పట్టుకెళ్లి తలగడ కింద పెట్టుకుని పడుకుంది. కొన్నాళ్లకి తెరిచి చూస్తే మళ్లీ గుంటలే. ఒక పళ్లెంలోనైతే జిగురు నీరుగారిపోయింది. కంగారుగా తన పై అధికారి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరమ్మ పళ్లెం వెలుతురుకి ఎత్తి చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. "అక్కయ్యా, ఆ జిగురు దేంతో చేస్తారనుకున్నారు? సముద్రపు నాచుతోనే! ఇవి నాచు తినేరకం. మీరు అన్నం పెడితే కంచం కూడా తినేశాయి!" ఇలాంటి వాటికోసమే ఆవిడ ఎప్పట్నుంచో ఒడ్డంతా గాలిస్తోందట.

పాలక్కయ్యకి ఒకపక్క సంతోషం, ఇంకోపక్క తలకొట్టేసినట్టయింది. వరండాలో తుఫాను కనబడితే గొంతు తగ్గించి, "పొరపాటైందయ్యా," అంది.

"వినబడలేదు," అన్నాడతను నేల తుడుస్తూనే. "తిట్టింది క్యాంటీన్లో కదా."

భోజనాల వేళ ఆమె క్యాంటీన్లో నిలబడి గొంతు సవరించుకుంది. "వేలు పెట్టింది ఇతను కాదు. జిగురు తిన్నది ఆ జీవులే. తప్పు నాది." కొత్త జీవి దొరికిందన్న కబురు అప్పటికే పాకిపోవడంతో అందరూ అదేదో సన్మాన ప్రసంగమనుకుని చప్పట్లు కొట్టారు. తుఫాను లేచి నాలుగువైపులా దణ్ణం పెట్టాడు.

సాయంత్రం ఆమె గది గుమ్మంలో నిలబడి అడిగాడు. "అక్కయ్యా, ఒకసారి చూపిస్తారా? నన్ను దొంగని చేసినవాళ్ల మొహం చూడాలి."

ఆమె మూత తీసింది. అతను ముక్కు మూసుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"పసుపు చుక్కలే కదా! వీటికా ఇంత ఆకలి?"