కనేరి నుంచి చెల్కకు ఒక ఏటిపాల కొమ్మ

జగిత్యాల వైపు మా ఊరి వాగు ఎండిపోయాక ఒడ్డున ఉన్న ఏటిపాల చెట్లూ పోయాయి. చిన్నప్పుడు మా ఆటలన్నీ వాటి కిందే. ఆ చెట్టు కొమ్మ ఒకటి చిన్నాయన ఎప్పుడో బతుకుదెరువుకు ముంబై దగ్గరి భివండీ వెళ్తూ పట్టుకెళ్లి, తన మగ్గాల కార్ఖానా వెనక నాటాడు. కార్ఖానా అమ్మేశామని, ఇక చెట్టు కొట్టేస్తారని చిన్నమ్మ ఫోన్లో చెప్పగానే మనసు ఆగలేదు. ఊళ్లో మా మెట్ట చెల్కలో ఒక్క కొమ్మయినా నాటాలని బయల్దేరాను.

హైదరాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే తెల్లవారుజామున కల్యాణ్. అక్కడి నుంచి షేర్ రిక్షాలో వంద రూపాయల లోపే భివండీ. చిన్నమ్మ ఉండే కనేరి పేటకు పోవాలన్నాను. "కనేరీ? ఉధర్ సబ్ తెలుగూ లోగ్. బైఠో!" అని, అక్కడంతా తెలుగువాళ్లేనంటూ డ్రైవర్ నవ్వాడు. గల్లీ మలుపులో మగ్గాల టకటక వినపడగానే కళ్లు చెమర్చాయి. బడి సెలవుల్లో ఆ చప్పుడులోనే నిద్రపోయేదాన్ని.

చాయ్ చేతికిచ్చి, నేను వచ్చిన పని విని చిన్నమ్మ ఇంతెత్తున లేచింది. "ఏందే, పిచ్చా నీకు? గాడ నీళ్లు లేకనే కదా మేం ఈడికొచ్చినం! దీన్ని మళ్ల గాడికి తోలుతవా, సావనీకి?"

నేనూ పట్టు వదల్లేదు. "పక్కన కుండ పాతిపెడత చిన్నమ్మా. అడుగున చిల్లిపెట్టి నూలు వత్తి ఏస్త. నీళ్లు జరంత జరంత వేరుకే అందుతయి. మీద ఎండుగడ్డి కప్పుత. వేరు పట్టినంక అదే ఓర్సుకుంటది."

"ఏ నూలు?" అంది. గల్లీలో ఏరుకొచ్చిన పోగులు చూపించాను. అగ్గిపుల్ల గీసి ఒక్కోటి అంటించింది. అన్నీ కరిగి నల్లపూసల్లా గట్టిపడ్డాయి. "అంత పాలిస్టరే! ఇదేం నీళ్లు గుంజుతది, నీ మొకం!" ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత అటక మీంచి చిన్నాయన దాచుకున్న పాత నూలు కండె ఒకటి తీసింది. దాని పోగు కాగితంలా కాలి బూడిదైంది. అసలైన పత్తి. పోయిన మనిషిని తలుచుకుంటూ ఆమె ఆ కండెను నిమురుతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

సాయంత్రం తనే కొమ్మ కోసి, కండెతో పాటు నా చేతిలో పెట్టింది. "బతికితే ఫోన్ చెయ్. సస్తే చెప్పకు."

ఊరు విడిచినవాళ్లకు ఊరి మీద ప్రేమ ఎక్కడికీ పోదు. పోయేది నమ్మకమేనని ఆమెను చూశాక తెలిసింది. మీరూ కొమ్మ తెచ్చుకుంటే బొటనవేలంత లావుది చూసి, తడి నూలుగుడ్డలో చుట్టండి. వానలు మొదలవగానే రెండు కణుపులే పైకి ఉండేలా లోతుగా నాటండి. నాది చిగురేసింది. ఫోన్ చేస్తే చిన్నమ్మ ఎన్ని ఆకులొచ్చాయో అడిగింది. తర్వాత మెల్లగా, "గట్లయితే ఊళ్లె నాకూ ఉండనీకి ఓ అర్ర చూడు బిడ్డా" అంది.