బ్యాటరీకి కాపలా కూర్చున్న ఆంటీ

మా కింది ఫ్లాటు ఆంటీ పోయారు. నేను ఆఫీసులో ఉండగా వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఢిల్లీలో పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది గానీ మాట హిందీలోనే వస్తుంది. "దీదీ, మమ్మీ నహీ రహీ," అన్నాడు, అమ్మ ఇక లేదని. పొగమంచు పట్టిన రోజుల్లో ఊపిరి అందక ఆసుపత్రిలో చేరారావిడ. తగ్గుముఖం పట్టిందనే అనుకున్నాం.

ఆంటీది విజయనగరం వైపు. పెళ్ళై ఢిల్లీ వచ్చి, స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాక గ్రేటర్ నోయిడాలో మా అపార్ట్‌మెంట్ సొసైటీకి మారారు. అంత భయస్తురాలిని నేను మరొకరిని చూడలేదు. లిఫ్టులో ఒంటరిగా ఎక్కరు. తాళం వేసి నాలుగడుగులు వేసి, గ్యాసు కట్టేశానో లేదో అని మళ్ళీ వెనక్కి. నేను రావడం ఆలస్యమైతే ఫోన్ చేసి, "ఎక్కడున్నావమ్మా?" అనేవారు. హైదరాబాదులో ఉన్న మా అమ్మ కూడా అన్నిసార్లు అడగదు.

ఆలస్యానికి కారణం ఆటోలు. చీకటి పడితే మెట్రో స్టేషన్ నుంచి మా వైపు షేర్ ఆటోలు దొరకవు. దారికి రెండువైపులా ఖాళీ ప్లాట్లు. ఒకరోజు ఎవరో బైకు మీద నా వెనకే మెల్లగా వస్తూ సొసైటీ గేటు దాకా వచ్చారు. ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. ఆ తర్వాత నాకు ఆ దారిలో నడవాలంటే కాళ్ళు రాలేదు. స్కూటర్ నడపడం రాదు. వచ్చింది సైకిలొక్కటే. దానికే మోటార్ పెట్టుకుందామని వీడియోలు చూసి, కరోల్ బాగ్ బజారుకి వెళ్ళి మోటార్ బిగించిన వెనక చక్రం, కంట్రోలర్ డబ్బా, బ్యాటరీ తెచ్చుకున్నాను. అంతకుముందు పానా పట్టి ఎరగను.

మొదటిసారి వైర్లు కలిపి, సైకిల్‌ని బాల్కనీలో తలకిందులు చేసి చక్రం తిప్పి చూస్తుంటే బెల్లు మోగింది. ఆంటీ.

"ఏటమ్మా, ఇంతసేపు మిక్సీ వేస్తన్నావు?" అంటూ లోపలికొచ్చి, తిరుగుతున్న చక్రాన్ని చూసి కుర్చీలో కూలబడ్డారు. విషయమంతా విన్నాక అడిగారు. "ఇది పేలదు కదా?"

"పేలదాంటీ," అన్నాను. నిజానికి నాకూ తెలీదు.

వద్దంటారనుకున్నాను. అనలేదు. మర్నాడు బకెట్ నిండా ఇసుక మోయించుకుని వచ్చారు. ఇక బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టిన ప్రతిసారీ ఊలు, అల్లిక సూదులు పట్టుకుని దాని ఎదురుగా కూర్చునేవారు. పొయ్యి మీద పాలను కనిపెట్టుకుని ఉన్నట్టు చూసేవారు దాన్ని. మధ్యలో లేచి, మునివేళ్ళతో తాకి, "వేడెక్కలేదు," అని తనకు తనే చెప్పుకునేవారు.

"ఇంత భయపడుతూ ఎందుకాంటీ ఇక్కడ కూర్చోడం?" అన్నానొకసారి.

"భయపడతానే చేయొచ్చమ్మా. నేను అన్నీ అలాగే చేశాను," అన్నారు, అల్లిక ఆపకుండా.

బ్రేకుల దగ్గర మాత్రం పట్టుబట్టారు. బ్రేకు నొక్కగానే మోటార్‌కి కరెంటు ఆగిపోయేలా రెండు వైర్లు కలపాలి. ఎన్నిసార్లు చూసినా నాకవి అర్థం కాలేదు. తర్వాత చూద్దాంలే అన్నాను. "పరుగెత్తడం ఏ దూడకైనా వస్తాది. ముందు దీనికి ఆగడం నేర్పు," అని, అది అయ్యేదాకా సైకిల్ కిందికి దింపనివ్వలేదు.

ఆదివారం పొద్దున సొసైటీ వెనక రోడ్డు మీద తొలిసారి ఎక్కాను. గాలి చెవుల్లో హోరుమంటుంటే భలే అనిపించింది. మలుపు దగ్గర హ్యాండిల్‌కి బిగించిన యాక్సిలరేటర్ వదిలేశాను. వేగం తగ్గలేదు. మరింత పెరిగింది. ఎదురుగా పాల వ్యాన్ వెనక్కి వస్తోంది. రెండు బ్రేకులూ నొక్కి పట్టాను. మోటార్ చప్పుడు ఠక్కున ఆగింది. వ్యాన్‌కి జానెడు దూరంలో ఆగాను. వేళ్ళు కాస్త సడలించగానే చక్రం మళ్ళీ ముందుకు లాగింది. బ్యాటరీ తాళంచెవి తిప్పి ఆపేశాను.

ఆంటీ, మోకాళ్ళ నొప్పుల మనిషి, నైటీ మీద శాలువాతో పరుగెత్తుకొచ్చారు.

"దెబ్బ తగిలిందా?"

"లేదాంటీ."

"అయితే ఎక్కడ పట్టేసిందో చూడు."

ఆ మాట అనకపోతే నేనిక దాన్ని ముట్టుకునేదాన్ని కాదేమో. రోడ్డు పక్కనే కూర్చుని చూశాం. హ్యాండిల్ రబ్బరు తొడుగుని నేను మరీ లోపలికి నెట్టేశాను. అది ఒరుసుకుని యాక్సిలరేటర్ వెనక్కి తిరగడం లేదు. కాస్త ఎడం చేశాను. ఆంటీ తన చేత్తో తిప్పి వదిలారు. వెనక్కొచ్చింది. నమ్మకం కుదిరేదాకా తిప్పి వదులుతూనే ఉన్నారు.

ఆ వారం నుంచే స్టేషన్‌కి సైకిల్ మీద వెళ్ళడం మొదలుపెట్టాను. చీకటి దారి చీకటి దారిగానే ఉంది. కాకపోతే ఇప్పుడు త్వరగా దాటేస్తాను. ఆంటీ ఫోన్లు ఆగలేదు, ప్రశ్న మారిందంతే. "చార్జింగ్ ఉందా?"

ఆవిడ జబ్బు పడక ముందు, ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, "నేనోసారి ఎక్కుతానమ్మా," అన్నారు. స్కూలు రోజుల తర్వాత సైకిల్ ఎక్కలేదట. సీటు బాగా కిందికి దించాను. పార్కు చుట్టూ ఒక్క రౌండు, మెల్లగా, నేను పక్కనే నడుస్తానని చెప్పాను. ఆవిడ తలూపి, యాక్సిలరేటర్ తిప్పి, నన్ను వదిలేసి వెళ్ళిపోయారు. పార్కు మూల తిరిగి అపార్ట్‌మెంట్ టవర్ వెనక కనుమరుగయ్యారు. నేను నిలబడ్డాను. రాలేదు. పడ్డారేమో, ఎవరికైనా తగిలించారేమో అని అటువైపు పరుగెత్తబోయాను.

అప్పుడు అవతలి మూల నుంచి వచ్చారు. శాలువా భుజం మీంచి జారి వెనక ఎగురుతోంది. పెదాలు బిగబట్టి, రెప్పవేయకుండా ముందుకే చూస్తున్నారు. ఆపుతారని పక్కకి జరిగాను. నా ముందు నుంచే, నావైపు కూడా చూడకుండా, రెండో రౌండుకి వెళ్ళిపోయారు.