ఉమ్మెత్త వేరు మీద టమాటా

మా మేనత్తను ఇంట్లో అందరం చాటుగా ఎందుకత్త అంటాం. ఆ సంగతి ఆవిడకు తెలిసిపోయింది. కోపం తెచ్చుకోవాల్సింది పోయి, అలా ఎందుకంటారని మమ్మల్నే నిలదీసింది. లిఫ్టు ఎక్కిన ప్రతి మనిషీ తలుపువైపే ఎందుకు తిరుగుతాడు, మావయ్య పక్కకు ఒత్తిగిలితే గురక ఎందుకు ఆగుతుంది, ఇలాంటివి తేలేదాకా ఆవిడకు తిండి సయించదు. పళ్ళ డాక్టరు నోట్లో డ్రిల్లు పెట్టి ఉండగా ఏదో అడగబోయి చివాట్లు తిన్న ఘనత కూడా ఉంది. ఆవిడతో బజారుకు వెళ్ళాలంటే నాకు ఒళ్ళుమంట, వెళ్ళకపోతే ఏం కోల్పోయానోనని బెంగ.

ఆవిడ పని మందుమొక్కల పరిశోధన కేంద్రంలో అంట్లు కట్టడం. మొక్క తలను బ్లేడుతో కోసేసి, మిగిలిన మొదలును నిలువుగా చీల్చి, అందులో ఇంకో మొక్క కొమ్మను దూర్చి, క్లిప్పు పెట్టి, తడి ఆరకుండా పైన పాలిథిన్ సంచి తొడుగుతుంది. రెండూ అతుక్కుని ఒకే మొక్కలా బతకాలి. అత్త కట్టినవి చాలావరకు బతికేవి, బతకనివి ఎందుకు చచ్చాయో రాత్రి భోజనాల దగ్గర మేం వినాల్సి వచ్చేది.

ఆ కేంద్రంలో ఎక్కువ పని ఉమ్మెత్త మీద. ఉమ్మెత్త తింటే పిచ్చెక్కుతుందని ఎవరినడిగినా చెబుతారు. పిచ్చెక్కించే ఆ పదార్థాలనే కొలిచి వాడితే మందులు. కళ్ళ డాక్టర్లు కనుపాప పెద్దది కావడానికి వేసే చుక్కలు ఆ కోవలోవే. వాటిని ట్రోపేన్ ఆల్కలాయిడ్లు అంటారు. అత్త ఆ పేరు పలికేటప్పుడు మేనల్లుడి పేరు పలికినంత ముద్దు ఒలికిపోయేది.

ఉమ్మెత్త ఆకులో విషం ఉంది సరే, అది తయారయ్యేది ఆకులోనా, వేరులోనా? ఇదీ ఆ ఏడాది అత్తను పట్టుకున్న పురుగు. అక్కడి పరిశోధకురాలిని, అత్త మేడమ్ అని పిలిచే ఆవిడను, రోజూ అడిగి ప్రాణం తీసింది. జవాబు పుస్తకాల్లో ఉందని, తను మాత్రం చెప్పనని, కట్టి చూస్తే నీకే తెలుస్తుందని మేడమ్ అంది. టమాటా, ఉమ్మెత్త ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి అంటు కలుస్తుంది. అత్త కొన్ని కుండీల్లో ఉమ్మెత్త వేరు మీద టమాటా కొమ్మ కట్టింది, కొన్నింట్లో టమాటా వేరు మీద ఉమ్మెత్త కొమ్మ. విషం పుట్టేది వేరులోనైతే, అది పైకెక్కి టమాటా ఆకుల్లో కనిపించాలి. ఆకులోనైతే, ఆ టమాటా మామూలు టమాటాయే.

అత్త ఆకే అని తేల్చేసింది. ఎండ తగిలేది ఆకుకే, వంట అక్కడే జరుగుతుందని ఆవిడ వాదన. మావయ్య వేరు అన్నాడు, ఆవిడ ఆకు అంది కాబట్టి. ప్రయోగశాలలో ఆకులు పరీక్షించే మిషన్ దగ్గర వేరేవాళ్ళ నమూనాలు బారులు తీరి ఉండడంతో, ఇద్దరూ వారాల తరబడి పంతాలు పోయారు.

ఇంత నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆవిడ ఎందుకుల్లో ఒకటి నవ్వులాట కాదు. మా నాన్న ఆవిడకు అన్న. ఆఫీసులో తలనొప్పంటూ కూలబడితే, ఆస్పత్రికి ముందుగా చేరింది అత్తే. డాక్టరు టార్చి వేస్తే నాన్న కనుపాపల్లో ఒకటి చిన్నదయింది, రెండోది అలాగే వెడల్పుగా ఉండిపోయింది. ఎందుకలా అని అడిగింది అత్త. తలలో రక్తం చేరి కంటి నరాన్ని నొక్కేస్తోందని ఆయన చెప్పాడు. ఆ సాయంత్రానికే నాన్న పోయాడు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరికి తల నొప్పిగా ఉన్నా అత్త ముందు గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసేది.

ఒకరోజు మధ్యాహ్నం పనినుంచి త్వరగా వచ్చేసింది. మేం కింద వాటాలో, వాళ్ళు పై వాటాలో ఉంటాం. వెలుతురు గుచ్చుకుంటోందని, అక్షరాలు అలుక్కుపోతున్నాయని, కళ్ళజోడు తుడిచిపెట్టమని నా చేతికిచ్చింది. తుడిచి ఇస్తూ మొహంలోకి చూశాను. ఎడమ కన్ను మామూలుగానే ఉంది. కుడి కంట్లో గోధుమరంగు దాదాపు లేదు, అంతా కనుపాపే.

నా మొహం చెప్పేసినట్టుంది. అత్త అద్దం ముందుకెళ్ళి ఫోన్ టార్చి కళ్ళకు చూపించుకుంది.

"తగ్గుతోందా?" అంది.

"ఎడమది తగ్గుతోంది."

"కుడిది?"

నేను తల అడ్డంగా ఊపాను. అత్త ఎందుకని అడగలేదు. ఊహ తెలిశాక ఆవిడ ఆ మాట అడగకపోవడం అదే మొదటిసారి చూశాను. మావయ్యను కేకేశాను.

ఆస్పత్రికి టాక్సీలో మావయ్య, నేను అత్తకు చెరోవైపు కూర్చున్నాం. అత్త మరీ మామూలుగా మాట్లాడింది, కొత్త అంట్ల మీద సంచులు అప్పుడే తీసేయొద్దని మేడమ్‌కు చెప్పమంది. కాసేపాగి, "మీ అమ్మకు మాత్రం అప్పుడే చెప్పకు. వదిన మళ్ళీ ఇదంతా తట్టుకోలేదు," అంది.

ఎమర్జెన్సీలో డాక్టరు వెంటనే స్కాన్ అన్నాడు. రక్తం కనిపిస్తే తలకు ఆపరేషన్ చేయాల్సి రావచ్చని, సంతకానికి దగ్గరలోనే ఉండమని మావయ్యతో చెప్పాడు. మావయ్య అత్త చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. స్కాన్ గది ఖాళీ అయ్యేలోగా కళ్ళ డాక్టరమ్మ వచ్చి, ఏం పని చేస్తారని అడిగింది. ఉమ్మెత్త మాట వినగానే, ఇవాళ ముట్టుకున్నారా అంది.

"లేదండీ. చేతులకు తొడుగుల్లేకుండా ఉమ్మెత్త జోలికే పోను," అంది అత్త. "ఇవాళ టమాటా కొమ్మలకు పిలకలు గిల్లాను, అంతే."

డాక్టరమ్మ పెదవి విరిచింది. అయినా ఒక పరీక్ష చేద్దామని రెండు కళ్ళలోనూ కనుపాపను కుదించే చుక్కలు వేసింది. నరం నొక్కుకుపోయి ఉంటే ఈ చుక్కలకు కుడి కనుపాప కూడా తగ్గుతుందట. ఏదో మందు పట్టి ఉంచితే మాత్రం తగ్గదు. అంటే తగ్గకపోవడమే మాకు మంచిది. జబ్బుపడ్డ కన్ను బాగుపడకూడదని కోరుకుంటూ కూర్చోవడం ఎంత చిత్రంగా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు.

ఎడమ కనుపాప ఆవగింజంత అయిపోయింది. కుడిది ఉలకలేదు, పలకలేదు.

"నరం కాదమ్మా ఇది. మీ కంట్లో మందేదో పడింది," అంది డాక్టరమ్మ. తర్వాత తీసిన స్కాన్‌లో కూడా ఏమీ లేదు.

మావయ్య ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. నేనూ సిగ్గు లేకుండా ఏడ్చాను. అత్త మాత్రం తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఉమ్మెత్త వేరు మీదున్నా టమాటాయే కదా అని తొడుగులు తీసేశాను," అంది నెమ్మదిగా. "ఆ చేత్తోనే కుడి కంటి మీద చెమట తుడుచుకున్నాను." అని మంచం మీద లేచి కూర్చుంది. "అయితే వేరులోనే!"

"నే చెప్పానా," అన్నాడు మావయ్య ముక్కు చీదుకుంటూ.

మేడమ్ అత్తను చెడామడా తిట్టింది, ముందే హెచ్చరించనందుకు తనను తాను ఇంకాస్త ఎక్కువ తిట్టుకుంది. ఆ టమాటాలకు కాయలు పడి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పండితే ఇంటికి తెచ్చేదానివా అని నేనడిగితే అత్త వినపడనట్టు ఊరుకుంది. వాటిని అక్కడే గొయ్యి తీసి పూడ్చేశారు. మిషన్ కూడా చివరికి అదే మాట చెప్పింది, టమాటా ఆకుల్లో ఆల్కలాయిడ్లు ఉన్నాయి, టమాటా వేరు మీద పెరిగిన ఉమ్మెత్త ఆకుల్లో దాదాపు లేవు. అత్త కన్ను మాత్రం ప్రయోగం కింద లెక్కకు రాదని మేడమ్ అంటే, అత్త చిన్నబుచ్చుకుంది.

కనుపాప తగ్గడానికి కొన్నాళ్ళు పట్టింది. పొద్దున్నే కిటికీ దగ్గర అద్దం పట్టుకుని కూర్చుని, నిన్నటికి ఇవాళ్టికి ఏమైనా తేడా ఉందా అని నన్ను పిలిచి చూపించుకునేది. అమ్మకు అప్పటికి అంతా చెప్పేశాం. తనూ వచ్చి పక్కన కూర్చునేది. ఒకరోజు ఎంత వెతికినా నాకు తేడా దొరకలేదు.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయత్తా," అన్నాను.

అత్త అద్దంలోకి చాలాసేపు చూసుకుంది. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుంది.

"వదినా, అన్నయ్య కంట్లో కూడా ఏ టమాటా పసరో పడి ఉంటే ఎంత బావుండేది," అంది.