ఉత్తరం గోడ మీది సిలువ

పరాయి రాష్ట్రంలో, మరమగ్గాల పేట లింబాయత్‌లో నేను నడిపిన మెస్సు పైన ఒకే గది ఉండేది. అందులో పన్నెండు చాపలు, ఇరవై నలుగురు మనుషులు. పగటి పాళీ వాళ్ళు మరమగ్గాల మీదకు పోగానే రాత్రి పాళీ వాళ్ళు వచ్చి అవే చాపల మీద వాలేవారు. నాలుగేళ్ళు ఒకే చాప పంచుకున్నవాళ్ళు కూడా ఒకరి నిద్ర ఒకరు చూసి ఎరగరు. అందరూ మా కరీంనగర్ వైపు వాళ్ళే.

కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. ఇరవై నలుగురూ ఒక్కసారే గదిలో పడ్డారు. కింద సందులో మైకు బండి తిరుగుతూ ఆరడుగుల దూరం పాటించమని అరిచేది. మా గదిలో ఆరడుగుల దూరం కావాలంటే సగం మందిని గోడకు మేకులు కొట్టి వేలాడదీయాలి. ఆ ముక్క మైకులో అరిచేవాడికి ఎవరు చెబుతారు?

మా కుల సంఘం భవనం ఖాళీగానే ఉంది. వెళ్ళి అడిగితే కొత్తగా రంగు వేయించామన్నారు పెద్దమనుషులు. గోడలకు చెమట అంటుతుందట! పండగకు చందాలు అడగడానికి వచ్చినప్పుడు ఇదే చెమట వాళ్ళకు సుగంధంలా ఉండేది.

అప్పుడు వచ్చాడు పక్క సందు పాస్టరు. ఆయన్ని చూస్తే నాకు పడేది కాదు. ప్రార్థన తక్కువ, అర్జీలు ఎక్కువ. ఎవడి వేలో మగ్గంలో పడి తెగితే యజమాని గేటు ముందు కూర్చుని, వైద్యం చేయించేదాకా లేచేవాడు కాదు. మావాళ్ళ మతం మార్చడానికే ఈ వేషాలని ఊరంతా చాటింది నేనే. ఆరేళ్ళలో మారినవి ఆయన గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు మాత్రమే.

“అక్కా, పన్నెండు మందిని మా ప్రార్థన హాలుకు తోలు. ఫ్యాన్లు ఉన్నయ్, నీళ్ళున్నయ్,” అన్నాడు.

వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను, చూడటానికి. అసలు వంక వెతకడానికి. హాలు రైలుపెట్టెలా సన్నగా ఉంది. రెండు వైపులా సిమెంటు అరుగులు. అడ్డంగా పడుకుంటే కాళ్ళు చాపుకోవడానికి చోటు చాలదు, నిలువుగానే పడుకోవాలి. ఉత్తరం గోడకు సిలువ. నా నోరు ఊరుకుంటుందా?

“సిలువ దిక్కు తల పెడితే ఉత్తరమైతది. ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకుంటే ఈ రోగంల బతుకుతరా?” అన్నాను.

అందరిలోకి పెద్దవాడు, నెరిసిన మీసాల మగ్గం మనిషి, చాప చుట్టేశాడు. “మరి ఇటు తిరిగి పండుకుంటే దేవుని దిక్కు కాళ్ళయితయ్. ఎవల దేవుడైనా దేవుడే గదా. మాతోని కాదు సారూ.”

మిగతావాళ్ళూ గుమ్మం దిగిపోయారు. నాకు లోలోపల ఎంత సంతోషమో! పాస్టరు ఒక్క నిమిషం సిలువ వంక చూశాడు. స్టూలు తెచ్చుకున్నాడు. మేకులు పీకి, ఆ సిలువను తీసుకువెళ్ళి దక్షిణం గోడకు, వాకిలి పైన కొట్టాడు. “ఇగ రండ్రి. తల దక్షిణం దిక్కు, దేవుని దిక్కు. ఇంక ఏందన్న ఉన్నదా?” అన్నాడు నన్ను చూసి.

పన్నెండు మందీ నెల రోజులు హాయిగా పడుకున్నారు.

చర్చి కమిటీ పెద్దలు ఊరికి అవతల మేడల్లో ఉండేవారు. వాళ్ళకెవరో ఫోటో పంపారు. ఒకాయన రెండు మాస్కులు పెట్టుకుని స్కూటరు మీద దిగాడు.

“ఎవరిని అడిగి సిలువను కదిలించారండీ? ఆదివారానికి అది దాని చోట ఉండాలి. లేకపోతే తాళాలిచ్చి మీరు కదలండి.”

పాస్టరూ ఆయన భార్యా ఉండేది ఆ హాలు వెనక గదిలోనే. ఊరంతా మూతపడిన రోజుల్లో ఎక్కడికి కదులుతారు? అయినా ఆయన స్టూలు ముట్టలేదు. “వీళ్ళు పండుకోవాలె గదా,” అని మాత్రం అన్నాడట.

శనివారం పొద్దున ఆయన రేషను అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయాడు. అప్పుడు నెరిసిన మీసాల మనిషే స్టూలు ఎక్కాడు. సిలువ పీకి, తీసుకువెళ్ళి మళ్ళీ ఉత్తరం గోడకు కొట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

“మరి దిక్కు?” అన్నాను.

“సచ్చేదుంటే రోగంతోని సస్తం. దిక్కుతోని కాదు. నువ్వు జర నోరు మూస్కో అక్కా,” అన్నాడు. ఆ రాత్రి పన్నెండు మందీ ఉత్తరానికే తల పెట్టి పడుకున్నారు.

ఆదివారం కమిటీ వచ్చింది. సిలువ దాని చోటే ఉంది. అయినా కడుపు నిండలేదు వాళ్ళకు. ఎవరు కొట్టారని అడిగారు. అబద్ధం ఆడటం పాస్టరుకు రాదు కదా, వీళ్ళేనన్నాడు.

“అన్యుల చేత సిలువ ముట్టిస్తారా?” అన్నాడు రెండు మాస్కులాయన. కదిపితే తప్పు, తిరిగి పెడితే మహాపాపం! మధ్యాహ్నానికి తాళాలు లాక్కుని, పాస్టరును పనిలోంచి తీసేశారు. మా పెద్దలకు రంగు గోడలు, వాళ్ళ పెద్దలకు చెక్క ముక్క. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఇరవై నలుగురూ మళ్ళీ నా గదిలోనే ఇరుక్కున్నారు. పాస్టరు దంపతులకు వంటింటి పక్కన బియ్యం బస్తాల గది ఇచ్చాను. ఆయన ఆ బస్తాల మీదే కూర్చుని వలస కూలీలను ఊరు చేర్చే రైలు కోసం మావాళ్ళ పేర్లు రాశాడు. ఒక్క మాట అనలేదు నన్ను. తిట్టినా బాగుండేది.

మావాళ్ళందరూ ప్రాణాలతోనే ఊరు చేరారు. ఆ హాలులో ఇప్పుడు వేరే పాస్టరు ఉన్నాడు, అర్జీలు రాయడు.

వాళ్ళ రైలు పోయిన రోజే నా మంచం ఉత్తరం వైపుకు తిప్పుకున్నాను. రోజూ అటే తల పెట్టి పడుకుంటున్నాను. నాకేమీ కాలేదు. ఆ రోజు హాలు గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే, ఆయనకూ ఏమీ అయ్యేది కాదు.